పెద్దాయన గొంతు

జూన్ 9

చిన్నోడా,

నిన్న పొద్దుటినుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, ఆగిపోతుంది, నువ్వు ఎత్తవు. నా ఫోన్‌లో అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. వాటిని చదవడం, మళ్లీ ఆ బొత్తాలు నొక్కి జవాబు రాయడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని మీ బావ దాచుకున్న తెల్లకాగితాల కట్ట విప్పాను. సూదిలో దారం ఎక్కించే కళ్లజోడు ఉత్తరానికి కూడా పనికొస్తోంది.

పెద్దాయన పోయారు. నువ్వున్న ఊళ్లోనే పోయారు కాబట్టి నాకంటే ముందే నీకు తెలిసి ఉంటుంది. అయినా నా చేత్తో రాసి చూసుకుంటే తప్ప నమ్మబుద్ధి కావడం లేదు. రాశాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

వార్త వచ్చేసరికి కొట్లోనే ఉన్నాను. రెండో మిషన్ మీద కూర్చునే అమ్మాయి రేడియో గొంతు పెంచింది. నేను వింటూనే కుట్టేస్తున్నాను. తీరా చూస్తే జాకెట్టు ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడివైపు అతికించాను. ఇన్నేళ్లలో అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. విప్పుతూ కూర్చుంటే మన అభిమాన సంఘం కార్యదర్శి, ఆ కరెంటు పనివాడు, వచ్చి జబ్బలకు కట్టుకోవడానికి నల్ల పట్టీలు కావాలన్నాడు. లైనింగ్ గుడ్డ ఉన్నదంతా చించి ఇచ్చాను. అది చాలక పాత గొడుగు కూడా చించాను. సాయంత్రానికి వీధి వీధంతా కొట్టు మెట్ల మీద కూర్చుంది. ఆయన ఫొటో ముందు ఒక దీపం పెట్టి ఊరికే కూర్చున్నాం.

నాకు మన చిన్నప్పటి ఇల్లే గుర్తొస్తోంది. సినిమా హాలు వెనకగోడకు ఆనుకుని ఉండేది కదా. తెర మీద ఆయన ముఖం చూడకముందే ఆయన మాట విన్నవాళ్లం మనం. ఒక్క గుక్కలో అంత పొడుగు మాట చెప్పి ఎక్కడా తడబడేవారు కాదు. మర్నాడు పెరట్లో నిలబడి అదంతా నువ్వు అప్పజెప్పేవాడివి. నువ్వెంత గింజుకున్నా ఆయనంతటివాడివి కాలేవురా అని నేను నవ్వేదాన్ని. ఆ పిచ్చే నిన్ను ఆ ఊరు చేర్చింది. సినిమాల్లో వాచ్‌మన్లకీ, కానిస్టేబుళ్లకీ, గుంపులో అరిచేవాళ్లకీ గొంతు అరువిస్తూ బతుకుతున్నావు. ఏదైతేనేం, ఆయన నడిచిన చోటే నడుస్తున్నావు.

కడసారి చూసే ఉంటావు. ముఖం ఎలా ఉంది? బాధపడినట్టుందా? మా తమ్ముడు అన్నీ రాస్తాడని ఇక్కడ అందరికీ చెప్పాను. నీ నోట్లో ఎలాగూ నువ్వుగింజ నానదు, కాబట్టి ఏదీ వదలకుండా రాయి.

వీధి వైపు చూస్తూ ఉంటాను,
అక్క


జూన్ 14

అక్కకు,

ఫోన్ ఎత్తలేదని కోపగించుకోకు. ఎత్తినా లాభం లేదు. గొంతు కాస్త పాడైతే డాక్టరు నన్ను మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా పనికిరాదట, అది ఇంకా చెడ్డదట. పిల్లలు రాసుకునే పలక ఒకటి కొనుక్కుని మెళ్లో వేసుకు తిరుగుతున్నాను. కిరాణా కొట్టువాడు నాకు చెవుడు కూడా ఉందనుకుని గట్టిగా అరుస్తున్నాడు. నా చెవులు బాగానే ఉన్నాయని పలక మీద రాసి చూపిస్తే, అది కూడా గట్టిగా చదివాడు. కంగారు పడేంత సంగతేమీ కాదు. గొంతు అమ్ముకుని బతికేవాళ్లకు అప్పుడప్పుడూ వచ్చేదే.

పెద్దాయన్ని కడసారి చూడలేదక్కా. వెళ్లలేకపోయాను. నేనున్న చోట కిటికీలోంచి ఊరేగింపు మాత్రం చూశాను. అంత జనంలో ఆశ్చర్యంగా చప్పుడే లేదు. ఒక ఆటో అతను బండి ఆపి సీటు మీదికెక్కి నిలబడ్డాడు. కూడలిలో పోలీసు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు. ఆ నిశ్శబ్దంలో ఎవడో ఆయన పాత సినిమాలోని మాట ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. మిగతా సగం వీధి మొత్తం కలిసి పూర్తి చేసింది. గొంతెత్తి అనలేకపోయినవాణ్ని నేనొక్కణ్నే. పెదవులు మాత్రం కదిపాను.

డబ్బింగ్ థియేటర్లో ఆయన్ని కొన్నిసార్లు దగ్గరగా చూశాను. వచ్చినప్పుడు ముందు నా స్టూలు నా వైపు జరిపి, నేను కూర్చున్నాకే తను కూర్చునేవారు. అంత పెద్ద మనిషి. ఇంతకంటే రాయడానికి చేతులు రావడం లేదు.

కళ్లజోడు మార్పించుకో, నీ అక్షరాలు గీత దాటి పోతున్నాయి.

తమ్ముడు


జూన్ 20

చిన్నోడికి,

నీ ఉత్తరం నలుగురిలో చదవబోయి మధ్యలో మడిచేశాను. కిటికీలోంచి చూశాడట. ఏం చెప్పుకోను? ఇక్కడినుంచి మన కూరగాయలామె రైల్లో నిలబడి వెళ్లింది. కళ్లు కనపడని మన పాత పోస్టుమ్యాన్ మనవడి భుజం పట్టుకుని వెళ్లి, ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె అంచు తాకి వచ్చాడు. నీకు పాడైంది గొంతు. కాళ్లు కాదు.

ఆయన నీకు ఏమీ కాడనుకుంటున్నావేమో. నాకు ఏమవుతాడో చెప్తాను విను.

మీ బావను నీ ఊరి ఆసుపత్రికి తెచ్చినప్పుడు నేను వరండాలో కూర్చుని ఉన్నాను. నువ్వు లోపలినుంచి వచ్చావు. "అక్కా" అన్నావు. అంతే. తల వంచుకుని గోడకేసి నిలబడ్డావు. నిన్ను తప్పుపట్టడం లేదు, ఎవరికైనా నోరు రాదు. కాసేపటికి నర్సు వచ్చి చెప్పింది. పక్కమంచం వాళ్ల మందుల సంగతి చెప్పినట్టే చెప్పింది. నాకు కన్నీళ్లు రాలేదు. ఇంటికొచ్చాక కూడా రాలేదు. ఏడాది పొడుగునా జాకెట్లు కుట్టాను, బియ్యం కడిగాను, అందరితో నవ్వాను. లోపల మాత్రం ఏదో బిగుసుకుపోయి ఉండేది.

అప్పుడు పెద్దాయన చివరి సినిమా వచ్చింది. అందులో ఆయన ముసలి బడిపంతులు. బావ పోయిన సంగతి అక్కగారికి చెప్పాలి. ఎదురుగా కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, బావ..." అని ఆగిపోతాడు. ఎన్నడూ ఎక్కడా తడబడని మనిషి, ఆ ఒక్కచోట గొంతు విరుగుతుంది. మింగుకుని, "బావ ఇంక రాడు" అంటాడు. ఆ మాట పూర్తయ్యేసరికి నేను హాల్లోనే బావురుమన్నాను. ఆ రోజు నాకు ఎవరూ సరిగ్గా చెప్పని మాట ఆయన కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని చెప్పారు. అప్పటినుంచే నేను మళ్లీ మనిషినయ్యాను. మన కరెంటు పనివాడు ఆ కొంచెం ముక్కా నాకు ఫోన్‌లో వేసిపెట్టాడు. రోజూ బొమ్మ చూస్తూ వింటాను.

అందుకే నువ్వు వెళ్లి ఉంటే బాగుండేదనిపించింది. నా తరఫున ఒక దణ్ణం పెట్టి ఉండేవాడివి.

వచ్చే నెల ఊరి హాల్లో సంస్మరణ సభ పెడుతున్నాం. ఆ సినిమాయే వేస్తాం. బ్యానర్ రాసేవాడు ఆయన పాతికేళ్ల ముఖానికి చివరి రోజుల కళ్లజోడు పెట్టాడు. చెరపమని చెప్పలేక అలాగే ఉంచేశాం. సంఘం మహిళా విభాగం అధ్యక్షురాలిని కాబట్టి నేను మాట్లాడాలట. నాకేం మాట్లాడాలో తెలియదు.

మందులు మానకు.

అక్క


జూన్ 27

అక్కా,

నువ్వు రాసిందంతా నిజమే. ఎదురు చెప్పను. వెళ్లి ఉండవలసింది.

ఆ సీను సంగతి మాత్రం ఒకటి అడుగుతాను. ఆ మాట ఎవరు చెప్పినా నీకు అప్పుడు ఏడుపు వచ్చి ఉండేదేమో కదా? ఏడాదిగా లోపల దాచుకున్నదానికి ఏదో ఒక చోట దారి దొరకాలి. ఆ గొంతు విరగడం కూడా గొప్ప నటన కాకపోవచ్చు. మైకు ముందు నిలబడ్డవాడికి ఒక్కోసారి నిజంగానే మాట రాదు. దాన్ని మళ్లీ చెప్పించకుండా ఉంచేస్తారు, అంతే.

సభలో మాట్లాడటానికి భయపడకు. నాకు రాసినట్టే చెప్పు చాలు.

తమ్ముడు


జూలై 3

చిన్నోడా,

నీ చివరి ఉత్తరం నాకేం నచ్చలేదు. ఎవరు చెప్పినా ఏడ్చేదాన్నట. ఆకలేస్తే ఎవరు వండినా ఒకటే అన్నట్టుంది. చచ్చిపోయిన మనిషి గొప్పతనంలోంచి ఒక ముక్క గిల్లుకుంటే నీకేం వస్తుంది? నీకు జ్వరంగా ఉండి రాశావనుకుని వదిలేస్తున్నాను.

ఇంతలో ఇక్కడ మంటలు లేచాయి. టీవీలో ఎవడో సౌండ్ ఇంజనీరు కూర్చుని, పెద్దాయన చివరి సినిమాల్లో గొంతు ఆయనది కాదు, పేరు లేని డబ్బింగ్ ఆర్టిస్టుది అన్నాడు. పేరు అడిగితే చెప్పనన్నాడు. పెద్దాయన చితి చల్లారకముందే ఇలాంటి మాటా? ఊళ్లో కుర్రాళ్లు అట్టలతో ఆ ఇంజనీరు బొమ్మ చేసి తగలబెట్టారు. అది ఎవరి బొమ్మో తెలియక నలుగురు వచ్చి అడిగారు, అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ ఇంజనీరు కంటే, పెద్దాయన నోట్లో తన గొంతు పెట్టానని చెప్పుకు తిరిగే ఆ దొంగ మీదే ఒళ్లు మండుతోంది. వీడిచేత అలా చెప్పించింది వాడే అయి ఉంటాడు. వాడి నోరు పడిపోను. నేను రోజూ వినే మాట వాడిదా? పెరట్లో గోడకు చెవి పెట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా అది ఎవరి గొంతో?

నువ్వు ఒక పని చెయ్యాలి. నువ్వు ఆ రంగంలో ఉన్నవాడివి, ఆయన్ని దగ్గరగా చూశానని నువ్వే రాశావు. ఆ గొంతు పెద్దాయనదేనని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపు. సినిమా అయ్యాక సభలో నేనే చదువుతాను. ఇదివరకు వెళ్లనందుకు ఇదైనా చెయ్యి.

అక్క


జూలై 8

అక్కా,

ఈ ఉత్తరం నీకు పంపను. రాయకపోతే మాత్రం ఇవాళ నిద్రపట్టదు.

ఆ దొంగను నేనే.

పెద్దాయనకు గొంతు నరం చచ్చుబడింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట వచ్చేది కాదు. టీ తాగేటప్పుడు సరదాకి ఆయనలా మాట్లాడతానని ఆ ఇంజనీరుకు తెలుసు, అతనే నన్ను పిలిచాడు. పెద్దాయన మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. నా పక్కన స్టూలు మీద కూర్చుని నా మణికట్టు పట్టుకున్నారు. గొంతు పెంచవలసిన చోట వేళ్లు పైకెత్తేవారు, తగ్గించవలసిన చోట మెల్లగా నొక్కేవారు. మాట నాది కావచ్చు, ఆ మాట నడక మాత్రం ఆయనదే. మొదటి రోజే కాగితం మీద రాసి చూపించారు. "ఇది తెలిస్తే జనం నా మీద జాలిపడతారు. నాకు జాలి వద్దు. నేను పోయాక కూడా చెప్పకు." సరేనన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వంటావు. ఇది నానింది.

నీ సీను వచ్చింది. "అక్కా, బావ" అనగానే నాకు ఆసుపత్రి వరండా కనపడింది. అక్కడ నీకు చెప్పలేక గోడకేసి తిరిగాను. ఇక్కడ తిరగడానికి లేదు, ఎదురుగా మైకుంది. ఎలాగో మింగుకుని చెప్పాను. పెద్దాయన ఎక్కడా తడబడరు, ఇంకోసారి చెప్పండి అన్నాడు దర్శకుడు. పెద్దాయన కళ్లు తుడుచుకుని వద్దని చెయ్యి ఊపారు. "ఇదే ఉంచండి. ఇది నాకు రాదు" అని రాసి ఇచ్చారు.

నువ్వు హాల్లో ఏడ్చావని నీ ఉత్తరంలో చదివినప్పుడు నాకెంత సంతోషం వేసిందో, ఎంత దుఃఖం వచ్చిందో చెప్పలేను. ఆలస్యంగానైనా నీకు చెప్పగలిగాను. చెప్పింది నేనని మాత్రం నీకు తెలియదు.

ఇంకొక సంగతి కూడా నీకు రాయలేదు. ఊరేగింపు చూసింది ఆసుపత్రి కిటికీలోంచి. నా గొంతులో ఉన్నది చెడ్డ పుండు. ముక్క తీసి పరీక్షకు పంపారు. మొత్తం గొంతే తీసెయ్యాలన్నారు. ఆ తర్వాత మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తాను, మాట ఉండదు. ఇన్నేళ్లు మాట్లాడినదంతా ఇతరుల పెదవుల మీద చెల్లిపోయింది. నాదని చెప్పుకోగలిగింది ఆ ఒక్క మాట. అది కూడా నాది కాదని సంతకం పెట్టమంటున్నావు.

పెడతాను. ఆయనకు మాటిచ్చాను. పైగా అది పెద్దాయన మాట అనుకుని నువ్వు నిలబడ్డావు, దాన్ని నీ చేతుల్లోంచి లాక్కునే హక్కు నాకు లేదు.

తమ్ముడు


జూలై 9

అక్కకు,

నువ్వు అడిగింది దీంతో పంపుతున్నాను. సభలో ఇలాగే చదువు.

"నేను చాలాకాలంగా డబ్బింగ్ పని చేస్తున్నవాణ్ని. పెద్దాయనను దగ్గరగా ఎరిగినవాణ్ని. ఆయన చివరి సినిమాల్లో వినిపించే గొంతు ఆయనదే. అది మరొకరిదనడం అబద్ధం."

కింద సంతకం పెట్టాను. సభ బాగా జరగాలి. ఆ రోజు మంచినీళ్లు దగ్గర పెట్టుకో, నీకు మైకు ముందు నోరు ఎండిపోతుంది.

తమ్ముడు


జూలై 21

చిన్నోడా,

సభ నిన్న అయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

జనం బాగా వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ముందు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. కూరగాయలామె, ఆయన సినిమాలో తాగుబోతు మొగుడికి ఎదురుతిరిగే సీను చూశాకే తను ఇంట్లోంచి పిల్లలతో బయటికొచ్చానని చెప్పింది. ఇన్నేళ్లుగా పక్కనే ఉంటున్నాం, నాకా సంగతి తెలియదు. పోస్టుమ్యాన్, చూపు పోయాక కూడా ఆయన సినిమా వదల్లేదని, మనవడు పక్కనుంచి బొమ్మ చెప్తుంటే తను మాట వినేవాణ్నని అన్నాడు. కరెంటు పనివాడు రాసుకొచ్చిన ఉపన్యాసం మొదటి వాక్యం దగ్గరే ఏడ్చేసి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత సినిమా వేశాం. నేను వేదిక పక్కనే కుర్చీలో, నీ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా ఆ సీను వస్తుండగా ప్రొజెక్టర్ దీపం మాడిపోయింది. తెర నల్లబడింది. స్పీకర్లు వేరే కాబట్టి మాట మాత్రం ఆగలేదు. ఎవరో అరవబోతే పక్కవాళ్లు ఊరుకోబెట్టారు. హాలంతా చీకట్లో తల వంచుకుని వింటోంది.

"అక్కా" అని వినపడింది.

చిన్నోడా, బొమ్మ ఉన్నంతసేపూ ఆ పిలుపు ఆయన నోట్లోంచే వచ్చేది. నా కళ్లు చెవులను మోసం చేశాయి. బొమ్మ పోయాక అది వరండాలోంచి వచ్చింది. నువ్వు లోపలినుంచి వచ్చి నా ముందు నిలబడి పిలిచిన పిలుపు అది. నన్ను ఈ లోకంలో అలా పిలిచేది ఒక్కడే. మిగతా వాళ్లంతా పెద్దాయన కోసం ఏడుస్తున్నారు. నేను మాత్రం నా తమ్ముడు ఎదురుగా వచ్చి చెప్పిన మాట ఇప్పుడు విన్నాను.

దీపం మార్చి సినిమా పూర్తి చేశారు. నన్ను మైకు దగ్గరికి పిలిచారు. కాగితం విప్పాను. నీ సంతకం చూశాను. చదవలేదు. చదివితే నీ గొంతును నా చేత్తో పాతిపెట్టినట్టు అవుతుంది. నిజం చెప్తే, ఆ చీకట్లో ఏడ్చినవాళ్లకు పెద్దాయన్ని రెండోసారి చంపినట్టు అవుతుంది. నువ్వు చెప్పకుండా దాచావంటే దానికో కారణం ఉండే ఉంటుంది. అందుకని ఒక్కటే చెప్పాను. "ఆ మాట విని మనందరం బాగుపడ్డాం. ఆ గొంతు ఎవరిదని ఎవరూ ఇంక పోట్లాడొద్దు" అన్నాను. దిగి వచ్చేశాను. కరెంటు పనివాడు నాకు కళ్లు తిరిగాయనుకుని సోడా కొట్టి ఇచ్చాడు.

ఇప్పుడు నీకూ నాకూ మధ్య సంగతి. నేను దొంగ అన్నది నిన్ను. నోరు పడిపోను అని తిట్టింది నిన్ను. యూనిఫాం కుట్టించుకోవడానికి వచ్చే నర్సమ్మను అడిగాను, వారాల తరబడి మాట్లాడొద్దంటే ఏమిటని. ఆవిడ కొలతల టేపు మడిచి నా చేతిలో పెట్టింది. మీ వాణ్ని అడగండమ్మా అంది. నా తిట్టు తగిలిందేమోనని అన్నం సహించడం లేదు. నిజం రాయి. నా మీద కోపం ఉంటే అదీ రాయి. అబద్ధపు సంతకాలు మాత్రం ఇంక పెట్టకు. నేను అడిగినా పెట్టకు.

నీ
అక్క


జూలై 26

అక్కా,

నీ తిట్టు తగల్లేదు. నువ్వు తిట్టకముందే డాక్టరు చెప్పేశాడు. తిట్లలో నీకు అంత పవరుంటే మీ ఇంటి ఓనరు ఎప్పుడో అద్దె తగ్గించేవాడు.

ఆ రోజు రాసి పంపని ఉత్తరం ఒకటి దీంతో పెడుతున్నాను. సంగతులన్నీ అందులో ఉన్నాయి. చదివేటప్పుడు కూర్చుని చదువు. పక్కన ఆ కుట్టు అమ్మాయిని ఉండమను.

నువ్వు సభలో చెప్పింది పదిసార్లు చదువుకున్నాను. పెద్దాయన ఉండి ఉంటే నా మణికట్టు వదిలి నీ చెయ్యి పట్టుకునేవారు. ఆయనకిచ్చిన మాట నిలబడింది. నాది నాకు దక్కింది. నాకు ఊరంతా తెలియక్కర్లేదు. నీకు తెలిసింది, చాలు. నీ మీద కోపం ఏనాడూ లేదు. ఇన్నాళ్లూ లోపల ఉన్నది కోపం కాదు, చెప్పుకోలేని బెంగ.

ఆపరేషన్ పై వారం గురువారం. భయంగా ఉంది. దాచడం ఎందుకు, చాలా భయంగా ఉంది. బుధవారానికల్లా నువ్విక్కడ ఉండాలి.

నిన్న డాక్టరు నా పలక తీసి పక్కన పెట్టాడు. "ఇంక నిషేధం లేదండీ. ఎలాగూ తీసేస్తున్నాం కదా, ఈ కొద్ది రోజులూ మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకోండి" అన్నాడు. మంచివాడు, నా వైపు చూడలేక కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత నర్సు వచ్చి పేరడిగింది. పక్క మంచం ముసలాయన ఏ ఊరని అడిగాడు. ఇద్దరికీ పలక మీదే రాసి చూపించాను. ఇంకా పలకెందుకయ్యా, నోటితో చెప్పొచ్చుగా అని వాళ్లు నవ్వుతున్నారు. చెప్పొచ్చు. కానీ ఎంత మిగిలిందో, ఎంత పలుకుతుందో తెలియదు. ఈ గొంతుతో ఇన్నేళ్లూ వాచ్‌మన్లా, కానిస్టేబుల్‌లా, పెద్దాయనలా మాట్లాడాను. నాలా మాట్లాడింది చాలా తక్కువ.

అందుకని ఇంతవరకు నోరు తెరవలేదు. నువ్వు గదిలోకి వచ్చేదాకా తెరవను. మొదటి మాట నిన్ను పిలవడానికి ఉంచుకున్నాను.

త్వరగా రా.

తమ్ముడు